పడవ తాడు నుంచి బూడిద ఇటుక దాకా

1855లో బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీరు పారించడంతోపాటు సరుకు రవాణాకూ దారులయ్యాయి. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తి, లేకుంటే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగి, ధాన్యం పడవలను బందరు వైపు నడిపేవారు. అప్పటికి ఊరికి దూరంగా ఉన్న పల్లె అయిన పటమటకు తెలిసిన ఇంధనమల్లా మనిషి రెక్క, ఎద్దు మెడ, పొయ్యిలో కట్టె, పిడక. 1889లో నిజాం రైలు మార్గం బెజవాడకు చేరి సింగరేణి బొగ్గుకు కోస్తా దారి తెరిచింది.

బొగ్గు కన్నా డీజిల్ పటమట రూపును ఎక్కువగా మార్చింది. మద్రాసు–కలకత్తా, హైదరాబాదు–బందరు రహదారులు కలిసే ఈ చోట 1960లలో ఆటోనగర్ వెలిసింది. ఛాసిస్‌గా, అంటే ఇంజను, చక్రాలు మాత్రమే ఉన్న చట్రంగా వచ్చిన లారీ ఇక్కడ చెక్క పలకలు, ఇనుప కమ్మీలు, రంగులు తొడుక్కుని రోడ్డెక్కేది. వేలమందికి అన్నం పెట్టిన ఆ షెడ్ల నేల మాత్రం వాడేసిన ఇంజను ఆయిలుతో నల్లబడింది.

ఆదాయం పెరిగే తొలి దశలో కాలుష్యం పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందనే సూత్రాన్ని ఆర్థికవేత్తలు పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ అంటారు. గ్రాస్‌మన్, క్రూగర్ 1991లో ముందుకు తెచ్చిన ఈ ఆలోచన పటమటకు సగమే అతుకుతుంది, ఎందుకంటే కరెంటు వెలిగే చోటు వేరు, బూడిద మిగిలే చోటు వేరు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979లో 210 మెగావాట్ల తొలి యూనిట్ మొదలై, 2009 నాటికి సామర్థ్యం 1,760 మెగావాట్లకు చేరింది. మన దేశపు బొగ్గు 100 కిలోలు కాలిస్తే సుమారు 30–40 కిలోల బూడిద మిగులుతుంది గనుక వెలుగుతోపాటు అక్కడి బూడిద చెరువూ పెరిగింది. పోనీ పటమట గాలైనా తేటపడిందా అంటే, 2019 నాటి జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడనూ చేర్చింది.

బూడిదకు కొంత దారి చూపింది ఆదాయం కాదు, ఉత్తర్వు. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకలకు బూడిద కలపకుండా పొలాల పైమట్టి వాడరాదని కేంద్రం 1999లో నిర్దేశించి, తర్వాత ఆ పరిధిని 100 కిలోమీటర్లకు పెంచింది. ఇప్పుడు పటమట అపార్ట్‌మెంట్ల గోడలకు పెచ్చులూడిన చోట, ఎర్రమట్టి ఇటుకకు బదులు బూడిద రంగు ఇటుక బయటపడుతుంటుంది.