బ్యాటరీ చెడితే పుట్టిన సోలార్ సెల్

1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. ఉక్కపోత ప్రాంతాల్లో టెలిఫోన్ పరికరాలకు పెట్టిన డ్రై సెల్స్ ఎక్కువకాలం నిలవడం లేదు. మారుమూల చోట్లకు వేరే కరెంటు దారి చూడమని డారిల్ చాపిన్ అనే ఇంజనీరుకు పని అప్పగించారు. సోలార్ సెల్ ఎలా పుట్టిందని విద్యార్థులు అడిగితే నేను చెప్పేది ఈ చెడిపోయిన బ్యాటరీల సంగతే.

చాపిన్ ముందు సెలీనియం పట్టుకున్నాడు. 1883లోనే చార్లెస్ ఫ్రిట్స్ దాంతో సెల్ చేసి ఉన్నాడు. కానీ ఎన్ని తంటాలు పడ్డా, పడిన వెలుగులో ఒక శాతమైనా కరెంటు కాలేదు. అదే సంస్థలో జెరాల్డ్ పియర్సన్, కాల్విన్ ఫుల్లర్ సిలికాన్‌తో మరేదో పనిలో ఉన్నారు. గాలియం కలిపిన సిలికాన్ ముక్కకు పియర్సన్ లిథియం పట్టించి, దీపం ముందు పెట్టి చూస్తే మీటరు ముల్లు ఎగిరింది. ఇక సెలీనియం వదిలెయ్యమని వెళ్లి చాపిన్‌కు చెప్పాడు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. లిథియం కుదురుగా ఉండదు. మామూలు గది ఉష్ణోగ్రతలోనే సిలికాన్ లోపలికి పాకిపోతుంది. కరెంటు పుట్టించే సంధి వెలుగు అందే పైపొర దగ్గరే ఉండాలి. లిథియంతోపాటు అదీ లోపలికి జారిపోయేది. చివరికి ఫుల్లర్ ఆర్సెనిక్ కలిపిన సిలికాన్ పలకలోకి కొలిమి వేడిలో బోరాన్ ఎక్కించాడు. అది పెట్టినచోట నిలిచింది. 1954 ఏప్రిల్ 25న లోకానికి చూపించిన సెల్ సామర్థ్యం సుమారు 6 శాతం.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అలాంటి కొలిమి ముందే గడిచింది. పలకను లోపల పెట్టేముందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి తీస్తాం. పైనున్న ఆక్సైడ్ పూర్తిగా పోతే తామరాకు మీదలా నీళ్లు జారిపోతాయి. ఒక మూల తడి నిలిచిందా, మళ్లీ ముంచాల్సిందే. తర్వాత క్వార్ట్జ్ గొట్టంలో, 850 డిగ్రీల వేడి దరిదాపుల్లో ఫాస్ఫరస్ ఎక్కిస్తాం. ఇంతా చేసి మనకు కావలసిన సంధి లోతు ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. అందుకే ఆ ముగ్గురిలో నేను పెద్దపీట వేసేది ఫుల్లర్‌కే.

1958 మార్చిలో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం ఎగిరింది. అందులో పాదరసం బ్యాటరీ మీద నడిచిన ట్రాన్స్‌మిటర్ జూన్‌కల్లా ఆగిపోయింది. సోలార్ సెల్స్ మీద నడిచింది 1964 దాకా పలికింది. నేల మీద మాత్రం అంత సులువుగా తేలలేదు. 1955లో జార్జియా రాష్ట్రంలో అమెరికస్ దగ్గర టెలిఫోన్ స్తంభం మీద సోలార్ పలక బిగిస్తే, చీకటి పడ్డాక లైను నడవడానికి కింద బ్యాటరీలు పెట్టక తప్పలేదు. బ్యాటరీ బాధ తప్పించడానికి పుట్టిన సెల్‌కు బ్యాటరీయే తోడు కావలసి వచ్చింది.

ఆ తోడు కూడా చివరికి లిథియం నుంచే వచ్చింది. 1970ల్లో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం, 1985లో జపాన్‌లో అకిరా యోషినో వేసిన అడుగులతో లిథియం అయాన్ బ్యాటరీ తయారై, 1991లో సోనీ ద్వారా బజారుకొచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ నోబెల్ దక్కింది. పియర్సన్‌ను సతాయించిన ఆ నిలకడలేనితనమే ఇక్కడ గుణమైంది. చార్జ్ చేస్తే ఒక ఎలక్ట్రోడ్‌లోకి, వాడుకుంటే రెండోదానిలోకి లిథియం అయాన్లు తిరుగుతూనే ఉండాలి.

మన కాలేజీల్లో సెల్ ఒక విభాగంలో, బ్యాటరీ మరో విభాగంలో చెబుతున్నారు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలారా, రెండు ల్యాబుల్లోనూ పని నేర్చుకోండి.