మధ్యరేఖ మీది వెలితి

సూర్యకిరణాలు నిట్టనిలువుగా పడే చోట ఎలక్ట్రాన్లు దట్టంగా ఉండాలి. 1946లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ పలు దేశాల కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తిరగబడింది. అయనావరణపు ఎఫ్2 పొరలో సరిగ్గా అయస్కాంత మధ్యరేఖ మీదే వెలితి, అటూ ఇటూ సుమారు 15 డిగ్రీల దూరాన రెండు గుట్టలు. మధ్యరేఖ మీద చాలా ఎత్తున పుట్టిన ప్లాస్మా వంగిన అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారుతుందని అదే ఏడాది శిశిర్ కుమార్ మిత్ర వివరించారు. జారుడును సరిగ్గానే పట్టారు. కాని అంత ఎత్తున గాలి పలచన, అక్కడ పుట్టేది గుట్టలు పోయడానికి చాలదు. కింద పుట్టినదాన్ని ఎత్తే బలం కావాలి. అది విద్యుత్ క్షేత్రమని ఆస్ట్రేలియాలో డి. ఎఫ్. మార్టిన్ వాదించాడు. పగలు తూర్పు దిశగా ఉండే విద్యుత్ క్షేత్రం, ఉత్తరానికి సాగే అయస్కాంత క్షేత్రం కలిసి ప్లాస్మాను పైకి నెడతాయి. పైకి సాగే ఈ డ్రిఫ్టే అసలు కీలకమని, ఈ గుట్టలను లెక్కగట్టే నమూనాల బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయని నా వాదన.

1966లో హాన్సన్, మాఫెట్ ప్లాస్మా కదలికల సమీకరణాలు సాధించినప్పుడు, డ్రిఫ్ట్ ఉంటేనే గుట్టలు లేచాయి. గాలుల మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గాలి ప్లాస్మాను అయస్కాంత రేఖ వెంట తోసి ఒక గుట్టను పెంచి, రెండోదాన్ని తగ్గించగలదు. మధ్యరేఖ దగ్గర ఆ రేఖ అడ్డంగా పడి ఉంటుంది గనుక పైకి ఎత్తలేదు. పైగా ఆ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టించేదీ గాలులే కాబట్టి, వాటి పెద్ద ప్రభావం డ్రిఫ్ట్ ద్వారానే అందుతుంది. ఇక మిగిలింది కొలవడం. పెరూలోని హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్ 1970లో ప్రచురించిన కొలతలు ఆ లోటు తీర్చాయి: పగలు సెకనుకు సుమారు 20 మీటర్లు పైకి, రాత్రి కిందికి. పొద్దుగూకే వేళ, కిందికి మళ్ళబోయే ముందు, డ్రిఫ్ట్ ఒక్కసారిగా ఉధృతమవుతుంది. కాని పెరూ అంకెను మన ఆకాశానికి అతికించలేం. అక్కడ అయస్కాంత క్షేత్రం సుమారు 25,000 నానోటెస్లాలు, దక్షిణ భారతంలో దాదాపు 40,000. అదే విద్యుత్ క్షేత్రానికి ఇక్కడ డ్రిఫ్ట్ నెమ్మదిస్తుంది. అందుకే అయస్కాంత మధ్యరేఖ దగ్గరి తిరునల్వేలి, దానికి దూరపు అలీబాగ్ అయస్కాంత కొలతల తేడాను బట్టి ఇక్కడి పగటి డ్రిఫ్ట్‌ను అంచనా కడుతున్నారు. ఆ తేడా చెప్పేది కింది పొరలో పారే విద్యుత్ ప్రవాహం గురించి. పొద్దు వాలితే ప్రవాహం సన్నగిల్లుతుంది, ఆధారం చేజారుతుంది. ఇక్కడి గాదంకి రాడార్‌కు రాత్రి కనిపించే, ప్లాస్మా పలచబడిన బుడగలకు పునాది పడేది సరిగ్గా ఆ వేళలోనే.