పొలం కదల్లేదు, జిల్లా మారింది



రాజాం వైపు బాగా పెద్దాయన్ని ఎవరినైనా 'మీది ఏ జిల్లా తాతా' అని అడిగి చూడండి. మూడు పేర్లు చెప్తాడు. పుట్టింది విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా. ఆయన ఊరు దాటలేదు, చెరువు కింద మడి అక్కడే ఉంది.

శ్రీకాకుళం టౌనుదీ అదే కథ. 1936 దాకా అది గంజాం జిల్లా. కలెక్టరు కచేరీ బరంపురం కూడా దాటి ఛత్రపురంలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడితే ఇటు తెలుగు తాలూకాల్ని విశాఖ జిల్లాలో కలిపారు. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి.

ఈ గీతలు మారితే మనకి పోయేది ఏటి? కాగితం మీద పేరు, ఆఫీసుకి బస్సు చార్జీ. గాని ఇంకో గీత ఉంది, ఊరికీ పట్నానికీ మధ్య. అది దాటి పంచాయతీ కాస్తా మునిసిపాలిటీ అయితే ఉపాధి హామీ పని ఆగిపోద్ది, అది గ్రామాలకే. సర్పంచి ఉండడు, గ్రామసభ ఉండదు.

మరి ఏది పట్నం? దేశానికో లెక్క. డెన్మార్కులో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండి 200 మంది ఉంటే చాలు. ఆ లెక్కన మా వీధి కూడా పట్నమే! జపాన్‌లో నగరం అనిపించుకోడానికి 50,000 మంది కావాలి.

మన జనగణనలో 1961 నుంచి మూడు షరతులున్నాయి. జనం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకి, అంటే సుమారు 247 ఎకరాలకి, 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం కాని పనిలో ఉండాలి. ఈ లెక్కలో పట్నమైనంత మాత్రాన పంచాయతీ పోదు, మునిసిపాలిటీ చెయ్యడం రాష్ట్ర ప్రభుత్వం పని. గాని అప్పుడు చూడమని రాజ్యాంగం చెప్పిన వాటిల్లో, వ్యవసాయం కాని పనులు ఎంతమంది చేస్తున్నారన్నది కూడా ఒకటి.

జనగణన షరతులో 'మగవాళ్ళు' అన్న మాట దగ్గర ఆగండి. మన దగ్గర ఉబాలు వేసేదెవరు? గాబు తీసేదెవరు? ఆడవాళ్ళే కదా. మగవాళ్ళలో చాలామంది హైదరాబాదు, చెన్నై పోయారు. లెక్క రాసే రోజుల్లో ఊర్లో లేనోడు ఊరి లెక్కలో ఉండడు. మిగిలింది ఆటో తోలేవాడు, తాపీమేస్త్రి, కొట్టుపెట్టుకున్నోడు. 2011లో అయితే ఏడాదిలో ఆర్నెల్లు పనిచేసినవాణ్ణే ఈ 75 శాతం లెక్కలోకి తీసుకున్నారు. మెట్ట మీద ఒక్క పంట వేసి నాలుగు నెలలు కష్టపడ్డ రైతు అందులోకే రాడు. ఇలగయితే చేలు పచ్చగా ఉండగానే ఊరు పట్నమైపోవచ్చు. ఎందుకలా పెట్టారో గాని, నా మట్టుకు అది తప్పు లెక్క.

2027 జనగణన వస్తోంది. పొలం చేస్తూ ఖాళీ రోజుల్లో ఆటో తోలేవాళ్ళు, పని ఏటని అడిగితే ఆటో ఒక్కటే చెప్పకండి. ఏది ఎక్కువ నెలలు చేశారో అది చెప్పండి. ఆడవాళ్ళ పనిని 'ఇంటిపని' అని రాయించెయ్యకండి, పొలం పని కూడా చెప్పండి.

మీ తాతల కాలం దస్తావేజుల్లో ఏ జిల్లా పేరుందో చూసి కింద రాయండి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళవి ముఖ్యంగా చూడాలనుంది.