నైషూ ఎవరు?

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలకు పోవువారు రాతివిగ్రహములను, శాసనములను త్వరత్వరగా దాటి, గాజుపెట్టెలోనున్న యొక శవముకడ నిలుతురు. అది ఈజిప్టుదేశపు మమ్మీ. మా ఖమ్మముజిల్లానుండి విహారయాత్రకు పోయివచ్చిన బాలురు తరగతిలో చెప్పునదియు దానినిగూర్చియే. 'ఆరవ ఫరో కూతురట. పేరు నైషూ అట. పదునాఱు పదునెనిమిదేండ్ల పిల్లయట.' ఈ 'అట'ల విలువ యెంతయో విచారించుటయే మా యుద్దేశము.

ఆ శవము మన దేశమునకు వచ్చిన కథ యిట్లు చెప్పబడుచున్నది. ఆరవ నిజాము అల్లుడగు నజీర్ నవాజ్ జంగు సుమారు 1920 ప్రాంతమున దీనిని వేయి పౌండ్లకు కొని తెచ్చి, ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖానునకు కానుకగా నిచ్చెను. ఆయన 1930లో ప్రదర్శనశాల కిచ్చివేసెను. అమ్మినవాడు చెప్పిన మాటను కొన్నవాడు నమ్ముటయు, కొన్నవాడు చెప్పిన మాట పలకమీది కెక్కుటయు లోకమున క్రొత్త కాదు. రాజకుమార్తె యన్న శవమునకు వచ్చు వెల సామాన్యురాలి శవమునకు రాదుగదా! నైయాయికులు శబ్దము ప్రమాణమే యనిరి. కాని ఆ మాట ఆప్తునిది కావలెనని గూడ నియమము పెట్టిరి. అంగడివాడు ఆప్తుడగునా?

మృతశరీరమును నిలిపియుంచుట మనకు వినరాని విషయము కాదు. భద్రాచలరాముని నీడను బ్రదుకు మాకు, దశరథుని కళేబరమును భరతుడు వచ్చువరకు తైలద్రోణియందుంచిన కథ పసితనమునుండి తెలిసినదే. అది కొద్దిదినముల యేర్పాటు. ఈజిప్టువారు శాశ్వతత్వమునే కోరిరి. మెదడును ముక్కుగుండ తీసి, ప్రక్కను కోసి ప్రేవులు మొదలగువానిని వెలికిదీసి, బుద్ధికి స్థానమని నమ్మిన గుండెను మాత్రము సాధారణముగా లోననే విడిచి, నాట్రాను అను క్షారములో కప్పిపెట్టి దేహమందలి నీటినెల్ల పీల్చివేసెడివారు. పూర్వము మన పల్లెలలో బట్టలుదుకుటకు వాడిన చౌడు ఆ జాతిదే. అటుపిమ్మట గుగ్గిలము వంటి జిగురులు పూసి, అవిసెనార బట్టలు చుట్టెడివారు. మొత్తము డెబ్బదిదినముల పని. మమ్మీ యను పేరు మాత్రము వారిది కాదు. పారసీకమున మైనమునకు 'మూమ్' అని పేరు, దానినుండి పుట్టిన 'మూమియా' నల్లని శిలాజిగురునకు పేరై, అది పూసిరను భ్రమచే ఈ శవములకు అంటుకొన్నది. పేరే పొరపాటుతో మొదలైన దన్నమాట.

ఇట్టి శవములను పండితులు మొదట పరీక్షించిన తీరు తలచుకొన్న మనసు కలుక్కుమనును. 1886లో కైరోనగరమున మాస్పెరో పండితుడు రెండవ రామెసెసు చక్రవర్తి కట్లను ఖెదీవు సమక్షమున కొద్ది నిమిషములలో విప్పించెను. మూడువేలయేండ్లు నిలిచిన కట్టు ఒక్క పూటలో పోయినది. మరల దానిని చుట్టగలవారెవ్వరు? 1903లో ఇలియట్ స్మిత్తును, హోవర్డు కార్టరును నాలుగవ తుత్మోసు శవమును కిరాయిబండిలో నొక వైద్యశాలకు గొనిపోయి ఎక్సురేకిరణములతో పరీక్షించిరి. వేడుక గొలుపు ప్రయాణమే గాని, విప్పకయే చూచు విద్యకు అది నాంది.

ఆ విద్య యెంతవరకు వచ్చినదో ఒకటవ ఆమెన్‌హోటెపు రాజు విషయమున చూడవచ్చును. ఈతడు క్రీ.పూ. పదునాఱవ శతాబ్దివాడు, తరువాతి శిల్పులు తల్లితోగూడ దైవముగా కొలిచినవాడు. ఈతని శవము 1881లో డేర్ ఎల్ బహరీ రహస్యగుహలో మఱి పెక్కు రాజశవములతోడ దొరకెను. పూలమాలలతోను, చిత్రించిన ముసుగుతోను మిగుల సుందరముగా నుండుటచే దానిని విప్పుటకు మాస్పెరోకును చేతులు రాలేదు. సి.టి. యంత్రము శరీరమును సన్నని పొరలు పొరలుగా చిత్రించి, ఆ పొరలను కలిపి లోపలి రూపమును నిలువున చూపును. ఆ యంత్రముతో సహర్ సలీము అను వైద్యురాలును, జాహీ హవాసు పండితుడును పరీక్షించి 2021 డిసెంబరులో ఫలితములను ప్రకటించిరి. రాజునకు సుమారు 35 ఏండ్లు, పొడవు 169 సెంటీమీటర్లు, దంతములు చక్కనివి. కట్లలోపల ముప్పది తాయెత్తులు, నడుమున 34 బంగారుపూసల మొలనూలు నుండెను. మరణకారణము తెలియలేదు, తెలియలేదనియే వ్రాసిరి.

అందు మమ్ము మిక్కిలి యాకర్షించినది వేఱొకటి. ఈ రాజు మరణించిన నాలుగుశతాబ్దములకు దొంగలు సమాధిని దోచి శవమును ఛిన్నాభిన్నము చేయగా, ఇరువదియొకటవ రాజవంశకాలపు పూజారులు దానిని మరల కట్టిరి. ఆ పూజారులు బాగుచేయు నెపమున పాతరాజుల నగలు కాజేసిరని విద్వాంసులు అనుమానించియుండిరి. పరీక్షలో నేమి కనబడినది? ఊడిన తలను జిగురుపట్టీతో మెడకు నిలిపిరి. నగలను యథాస్థానమున విడిచిరి. మూడువేలయేండ్లక్రింద చచ్చిన పూజారులమీది నింద ఈ శవము విషయమున తొలగినది.

ఇక మన నైషూ కడకు వత్తము. ఆమెకును 2016లో ఎక్సురే, సి.టి. పరీక్షలు జరిగినవి, కట్లు విప్పబడలేదు. ఆ సంవత్సరమే ప్రాణవాయువు సోకని పెట్టెలో నుంచిరి. పురుగును, బూజును ఆ వాయువు లేక బ్రతుకజాలవు. మన వానకాలపు చెమ్మను ఈజిప్టు ఎడారి శవ మెఱుగదుగదా!

ఎముక ఏమి చెప్పును, ఏమి చెప్పదు? స్త్రీయో పురుషుడో చెప్పును. వయస్సును చెప్పును: యౌవనారంభమున కాళ్లయెముకల కొనలు అతుకుకొనును, మెడక్రింది జత్రువు కొన ఇరువదియైదేండ్లు దాటినగాని పూర్తిగ నతుకదు, జ్ఞానదంతము వచ్చెనో లేదో చూడవచ్చును. కాని నైషూ యను పేరు ఏ యెముకమీదను వ్రాసియుండదు. ఫరో కూతురను మాటయు నుండదు.

ఆ మాటను యుక్తితో పరీక్షింతము. ఈ శవము సుమారు 2300 ఏండ్లనాటిదని సాధారణముగా చెప్పుదురు. 'ఆరవ ఫరో' యనగా ఈజిప్టు నేలిన ఆరవ రాజన్నచో, అతడు దాదాపు అయిదువేలయేండ్ల క్రిందటివాడు. ప్రేవులు తీసి శవమును నిలుపు విద్య అప్పటికింకను సిద్ధింపలేదు. ఆరవ రాజవంశమన్నచో నాలుగువేలయేండ్లకు పైబడిన మాట. లేదు, గ్రీకుజాతి టాలెమీలలో ఆరవవాడందురా? అతడు క్రీ.పూ. 180 మొదలు 145 వరకు నేలెను; చరిత్రకెక్కిన అతని కుమార్తె లిరువురి పేరును క్లియోపాత్రయే. ఏ యర్థము తీసినను నైషూకు తండ్రి కుదురడు. పైగా ఆ కాలమునకు మమ్మీకర్మ రాజులకే పరిమితమై యుండలేదు. క్రీ.పూ. అయిదవ శతాబ్దిలోనే హెరొడోటసు ఆ పనికి వెలనుబట్టి మూడుతరగతు లుండెనని వ్రాసినాడు. డబ్బు గల గృహస్థుని ఇంటి పడుచునకును ఈ యంతిమసంస్కారము లభించియుండును.

రాజకుమార్తె కాకున్న చూచుట కెవరు వత్తురని యొకరు మాతో ననిరి. ఈ మాట మాకు నచ్చలేదు. ఎవరి బిడ్డయైనను ఒక యువతి శవమును మనము పెట్టెలో నిలిపి చూచుచున్నాము. తెలిసినదానిని తెలిసినంతవఱకే చెప్పుట ఆమెకు మన మీయవలసిన కనీసమర్యాద. ఈజిప్టులోనే ఒకటవ తుత్మోసుదని చిరకాలము చెలామణియైన శవము అతనిది కాదని 2007లో ప్రకటించిరి. దానివలన కైరోప్రదర్శనశాల పరువు తగ్గలేదు. కట్టులోని యొక దారపుముక్కతో కాలనిర్ణయము చేయవచ్చును, 'ఈజిప్టు యువతి, పేరు నైషూ అని అమ్మకపుకాలపు మాట' యని పలకపై వ్రాయవచ్చును.

ఈ 'అట'ల బాధ హైదరాబాదునకే కాదు. మా గోదావరియొడ్డు అడవులలో, పినపాకమండలపు జానంపేటయందు, పెనురాళ్లు నిలిపి పైన బండ కప్పిన గూళ్లున్నవి. జనులు వానిని రాక్షసగుళ్లందురు. అవి రాక్షసులవి కావు. ఇనుము వాడుక క్రొత్తగా వచ్చిన కాలపు మనుష్యులు తమ మృతులకు కట్టిన యిండ్లు. ఎడారియిసుక దాచినట్లు మా తడినేల ఎముకను దాచదు. వానలకు అది కరగి తునకలే మిగులును. అయినను ఒక్క పన్ను చాలు, వయస్సు చెప్పుటకు. ఇట్టి గూళ్లలో నిధి యున్నదట యని రాత్రివేళ గడ్డపాఱలతో పోయి బండలు పెకలించువారు బంగారమునకై చూతురు గాని, పాఱతో ఎత్తి పారవైచు మట్టిలోని యా పంటిని చూడరు.