తాడు లాగిన చేతులు – మా ఏటికొప్పాక తరిణె పని కథ



ఈసారి నివేదికలో అప్పులు, పొదుపుల లెక్కలతో పాటు చేతిపని చేసే సంఘాలు తమ పని చరిత్ర కూడా రాయాలని మండల మీటింగులో అనుకున్నాం. మాది ఏటికొప్పాక లక్క బొమ్మల సంఘం. పది మందిమి ఉన్నాం. మాలో పదో తరగతి దాకా చదివింది ఒక్కరే. కాబట్టి పెన్ను ఆ చేతికిచ్చి మిగతావాళ్ళం చుట్టూ కూర్చుని చెప్పాం. తప్పులుంటే మన్నించాలి.

మా ఊరు వరాహ నది ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కొండపల్లి బొమ్మలకీ మా బొమ్మలకీ తేడా చాలామందికి తెలీదు, స్టాలు పెట్టినప్పుడల్లా రోజుకి పదిసార్లు చెప్పుకోవాల్సి వస్తుంది. కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలు అతికించి, పైన కుంచెతో రంగు వేస్తారు. మాది తరిణె పని. కర్ర తిరుగుతూ ఉంటుంది, ఉలి దాన్ని ఆనుకుని ఉంటుంది. రంగు కూడా కర్ర తిరుగుతుండగానే ఎక్కుతుంది. అందుకే మా దగ్గర రాజు గుండ్రమే, రాణీ గుండ్రమే.

ఎవరు మొదలెట్టారు, ఏ కాలంలో మొదలెట్టారు అని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మేం ఆ గొడవలోకి వెళ్ళం. మా అమ్మమ్మల నాటికే కుంకుమ భరిణలు, లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు ఇక్కడ తయారయ్యేవి. పెళ్ళికూతురి సామానులో భరిణె, ఆడపిల్లకి లక్కపిడతలు, మగపిల్లాడికి బొంగరం. బొమ్మ అని పేరే గానీ ఎక్కువ భాగం ఇంట్లో వాడుకునే సామానే.

ఇప్పటి పిల్లలు చూడని పాత తరిణె గురించి మాత్రం వివరంగా రాయాలి. నేల మీద రెండు దిమ్మలు, వాటి మధ్యలో తిరిగే ఇరుసు. ఇరుసుకి ఒక చివర కర్ర ముక్క బిగిస్తారు. ఇరుసు చుట్టూ తాడు రెండు చుట్లు చుడతారు. తాడు రెండు కొసలూ ఎదురుగా కూర్చున్న మనిషి రెండు చేతుల్లో ఉంటాయి. కుడిచేత్తో లాగితే కర్ర ఇటు తిరుగుతుంది, ఎడమచేత్తో లాగితే అటు తిరుగుతుంది. ఉలి పట్టినాయన ఇవతల కూర్చుంటాడు. కర్ర తన వైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది. వెనక్కి తిరిగినప్పుడు ఉలి కొంచెం ఎత్తి పట్టుకోవాలి. అంటే తాడు లాగే మనిషి రెండుసార్లు లాగితే ఒకసారే పని జరుగుతుంది. లాగిందాంట్లో సగం ఎదుటివాడు ఉలి ఎత్తుకోడానికే పోతుంది.

మరి ఆ లాగే మనిషి ఎవరు? మా ఇళ్ళల్లో అయితే మా అత్తలు, అమ్మలు. లేదంటే బడి మానేసిన గుంటలు. పొద్దున్న వంట చేసి, పిల్లల్ని పంపి, వచ్చి తాడు ముందు కూర్చోవాలి. ఊరికే లాగితే చాలదు. ముతకగా చెక్కేటప్పుడు గట్టిగా, నున్న చేసేటప్పుడు తేలిగ్గా, లక్క పట్టించేటప్పుడు ఆగకుండా వేగంగా లాగాలి. లక్క పట్టించేటప్పుడు వేగం తగ్గితే వేడి పుట్టదు, వేడి పుట్టకపోతే లక్క కరగదు, రంగు గడ్డలు గడ్డలుగా కూర్చుంటుంది. అప్పుడు తిట్లు ఎవరికో మీకు తెలుసు. మా సంఘంలో పెద్దావిడ ఒకరు, మేమంతా అప్పా అని పిలుస్తాం, పెళ్ళయిన ఏడాది నుంచి ముప్పై ఏళ్ళు తాడు లాగారు. ఇప్పటికీ ఆవిడ అరచేతిలో చూపుడువేలు కింద కాయ ఉంది. "మీ మావయ్య ఉలి ఎప్పుడు ఎత్తుతాడో నాకు చూడకుండానే తెలుస్తాది" అంటారు.

ఒక ట్రైనింగులో మాకు తెర మీద ఒక బొమ్మ చూపించారు. ఈజిప్టు దేశంలో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద చెక్కిన బొమ్మ అది. సుమారు 2300 ఏళ్ళ కిందటిది. అందులో ఇద్దరు మనుషులు తరిణె దగ్గర ఉన్నారు, ఒకరు ఉలి పట్టారు, ఇంకొకరు పట్టీ లాగుతున్నారు. తరిణె బొమ్మల్లో బాగా పాతవాటిలో అదొకటట. మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అంత దూరం దేశంలో, అంత పాతకాలంలో బొమ్మ చెక్కినవాడికి లాగే మనిషిని కూడా వెయ్యాలని తోచింది కదా. మా ఊరి పని గురించి పేపర్లో ఎన్నోసార్లు ఫోటోలు వచ్చాయి. మేం చూసినవాటిలో ఉలి పట్టినవాళ్ళే ఉన్నారు.

ఇక రంగుల సంగతి. లక్క అంటే ఒక రకం పురుగు కొమ్మల మీద కట్టే జిగురు. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద పెరుగుతుంది. ఆ లక్కని వేడి చేసి, లాగి, మడిచి, మళ్ళీ లాగి, అందులో రంగు కలిపి కడ్డీలు చేస్తాం. తిరిగే కర్రకి కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పాతరోజుల్లో రంగులంటే పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు. పసుపూ నీలీ కలిస్తే పచ్చ. 1856లో ఇంగ్లండులో మొదటి కెమికల్ రంగు పుట్టాక, 1897లో జర్మనీ వాళ్ళు నీలిమందుని కూడా ఫ్యాక్టరీలో చేసి అమ్మడం మొదలెట్టాక, చెట్ల రంగులకి దేశమంతా చెడ్డరోజులు వచ్చాయి. మా ఊళ్ళోనూ అంతే. పొట్లం కొని కలపడం తేలిక. కానీ చవక రంగుల్లో సీసం లాంటి విషాలు ఉంటాయి. మా సరుకు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునేది. ఆ సంగతి పైదేశాల వాళ్ళు అడిగాక గానీ మాకు అర్థం కాలేదు. ఊరివారే అయిన సి.వి.రాజు గారు చెట్ల రంగులు మళ్ళీ తయారుచేసి పనివాళ్ళకి అలవాటు చేశారు. 2017లో మా బొమ్మలకి జీఐ గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చాయి. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడులో మన రాష్ట్రం శకటం మా బొమ్మలదే. ఆ రోజు టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు, అన్నాలు మాడిపోయాయి.

తాడు పోయి కరెంటు మోటారు రావడం మా ఇళ్ళల్లో పెద్ద మార్పు. మోటారు ఒకే వైపు తిరుగుతుంది, అలసిపోదు. ఇద్దరి పని ఒకరికి సరిపోయింది. మరి రెండో మనిషి ఏం కావాలి? అత్తలు జీడిపిక్కల పనికి, చెరుకు కోతకి పోయారు. ముప్పై ఏళ్ళు వేగం, వేడి, లక్క పాకం చూసిన మనిషి గడ్డి కోసుకుంటూ కూర్చుంది. ఉలి పట్టుకుంటానంటే "ఆడదానికి ఎందుకు, కొంగు చుట్టుకుంటాది" అన్నారు. ఆ మాటలో సగం నిజమే. తిరిగే ఇరుసుకి కొంగు, జడ దొరికితే ప్రమాదం. మేం ఇప్పుడు చీర మీద చొక్కా తొడుక్కుని, జడ ముడేసి కూర్చుంటున్నాం. అంత మాత్రం దానికి పాతికేళ్ళు పట్టింది.

సంఘం అప్పుతో మేం రెండు మోటారు తరిణెలు కొన్నాం. మొదట్లో బొంగరాలు, పెన్నుల స్టాండులు, కీచైన్లు చేశాం. తర్వాత విశాఖలో గిఫ్టులు అమ్మే ఒక షాపు వాళ్ళు సీసా బిరడాలు కావాలన్నారు. పైన బొమ్మ తలకాయ, కింద సీసా మూతికి సరిపడే భాగం. మూడు వందలు. అంత పెద్ద ఆర్డరు మాకు అదే మొదటిసారి.

అక్కడ గొడవ మొదలైంది. అవి మందు సీసాలకి పెట్టేవి. మనకి తెలుసు కదా, ఈ సంఘాలు ఎలా బలపడ్డాయో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, మిగతా ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చాయి, 1997లో అది పోయింది కూడా. సారాకి పోయే డబ్బు పొదుపు చేసుకుందామన్న మాట మీదే మన రాష్ట్రంలో పొదుపు సంఘాలు ఊరూరా నిలబడ్డాయి. "సారా మానండని తిరిగినోళ్ళం, ఇప్పుడు దానికి మూతలు చేసి అమ్ముతామా" అని మాలో ఒక చెల్లి లేచిపోయింది. ఆమె ఇంట్లో తాగుడు వల్ల ఏం జరిగిందో మాకందరికీ తెలుసు. ఆమెకి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. "మూత పెట్టడమంటే తాగడం ఆపడమే కదే" అని అప్ప నవ్వించబోయారు గానీ ఆమె నవ్వలేదు. రెండు మీటింగులు అలాగే పోయాయి. ఆఖరికి, ఇష్టమున్నవాళ్ళు బిరడాలు చేయాలి, ఆమె భరిణలు చేస్తుంది, కూలి అందరికీ సమానం అని తీర్మానం రాశాం. ఇప్పటికీ ఆమె బిరడా ముట్టుకోదు. ఆమెదే తప్పని మాలో ఎవరం అనుకోవడం లేదు.

పని మాత్రం మేం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి సారి బిరడా మొత్తానికీ, కింద భాగానికి కూడా, లక్క పట్టించి పంపాం. వారంలో తిరిగొచ్చాయి. రంగు కరిగి సీసాలోకి దిగిందట. లక్క నీళ్ళకి కరగదు గానీ సారాకి కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ చేసేది లక్కని స్పిరిట్లో కరిగించే కదా, ఆ మాట మాకు ముందే తోచాల్సింది. లక్కకి కూడా సారా పడదని మా చెల్లి అప్పుడు మొదటిసారి నవ్వింది. రెండోసారి కింద భాగం ఉత్త కర్రగా వదిలాం. అదీ తప్పయింది. తొందరలో పచ్చిగా ఉన్న కర్ర తిప్పాం. ఆరాక కర్ర కుంచించుకుపోయి బిరడాలు వదులయ్యాయి. భరిణె మూత కొంచెం వదులైతే ఎవరూ అడగరు, బిరడా ఒక్క మిల్లీమీటరు తగ్గితే కారుతుంది, పెరిగితే దూరదు. మూడోసారి రెండు మూడు నెలలు నీడన ఆరబెట్టిన కర్ర వాడి, కింద బెండు ముక్క అతికించి, కాలిపర్సుతో ఒక్కొక్కటీ కొలిచి పంపాం. అవి నిలబడ్డాయి. మొదటి రెండుసార్ల కర్ర, కూలి మా మీదే పడ్డాయి. ఆ అప్పు ఇంకా తీరుస్తున్నాం, లెక్కల పేజీలో కనిపిస్తుంది.

కర్ర మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా పనికి అంకుడు కర్రే కావాలి. తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది, ఉలికి పెళుసుగా లేచిపోదు. దగ్గర కొండల్లో ఇదివరకటిలా దొరకడం లేదు. అంకుడు చెట్టు నరికిన మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తుంది, కానీ చిగురు లావెక్కేదాకా ఆగేవాళ్ళు ఉండాలి. మేం సంఘం పేరున స్కూలు వెనక గట్టు మీద మొక్కలు నాటాం. మేకలు తినగా మిగిలినవి పదకొండు.

ఈ కథ రాయడానికి సంఘం పాత పుస్తకాలు దించాం. సంఘం మొదలెట్టినప్పుడు రాసిన సభ్యుల పట్టికలో వృత్తి అనే గడి ఉంది. తాడు లాగిన అప్ప పేరు ఎదురుగా "ఇంటిపని" అని ఉంది. అది ఏ ఆఫీసరూ రాయలేదు, మేమే రాసుకున్నాం. మేం బొమ్మల గుర్తింపు కార్డు కోసం అప్ప చేత దరఖాస్తు పెట్టిస్తే, ఏం పని చేశారో రుజువు అడిగారు. చూపించడానికి మా పుస్తకమే మాకు అడ్డం తగిలింది.

పోయిన నెల మీటింగులో ఆ గడి కొట్టేసి, పక్కన "తరిణె పని, ముప్పై ఏళ్ళు" అని రాసి, పది మందిమీ సంతకాలు పెట్టాం. ఆ పేజీ జిరాక్సు జతచేసి అప్ప దరఖాస్తు మళ్ళీ పంపాం. ఈ పుస్తకం అచ్చుకి వెళ్ళేసరికి జవాబు ఇంకా రాలేదు.