మానసిక రోగులలో ఆందోళన ఉపశమనానికి చిత్రకళా చికిత్స

మానసిక వైద్యశాలలలో చికిత్స పొందుతున్న పలువురికి అసలు వ్యాధితో పాటు తీవ్రమైన ఆందోళన కూడా ఉంటున్నది. నిద్రలేమి, గుండెదడ, ఎదుటివారిని చూసి బెదరడం దీని లక్షణాలు. వైద్యుని ప్రశ్నకు మాటలలో బదులు చెప్పలేని స్థితిలో ఉన్న రోగికి కాగితం, రంగులు, బంకమన్ను సమకూర్చి, శిక్షణ పొందిన నిపుణుని సమక్షంలో తన మనఃస్థితిని వ్యక్తం చేసుకునే అవకాశం కల్పించడమే చిత్రకళా చికిత్స. మందులకు ఇది ప్రత్యామ్నాయం కాదు. వాటికి తోడుగా సాగవలసిన ప్రక్రియ.

‘ఆర్ట్ థెరపీ’ అన్న పేరును 1942లో ప్రచారంలోకి తెచ్చినవారు బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్. క్షయవ్యాధితో శానిటోరియంలో ఉండగా బొమ్మలు గీయడం వల్ల కలిగిన ఊరటను ఆయన తోటి రోగులకూ పంచారు. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, విద్యుత్ షాక్, లోబోటమీ వంటి చికిత్సలు చేయడానికి నిరాకరించిన డాక్టర్ నీజి ద సిల్వేరా 1946లో మానసిక రోగుల కోసం చిత్రలేఖన విభాగాన్ని నెలకొల్పారు. ఆ రోగుల చిత్రాలతో 1952లో అక్కడ ప్రత్యేక మ్యూజియం ఏర్పడినది.

ఫలితాల విషయంలో అతిశయోక్తి తగదు. 2005లో అమెరికాలో 84 మంది కళాశాల విద్యార్థులపై వెలువడిన అధ్యయనంలో, ఖాళీ కాగితంపై తోచినట్లు రంగులు వేసినవారి కంటే, మండలం లేదా గళ్ల నమూనాలో రంగులు నింపినవారిలో ఆందోళన ఎక్కువగా తగ్గినది. చుక్కల లెక్కన ముగ్గు వేయడం ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు. అయితే వారు రోగులు కారు. బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో నిర్వహించి 2012లో ప్రచురించిన ‘మటీస్’ పరిశోధనలో, బృందంగా సాగిన చిత్రకళా చికిత్స వల్ల రోగుల పనితీరులో గాని, వ్యాధి లక్షణాలలో గాని సాధారణ చికిత్సకు మించిన ప్రయోజనం కనబడలేదు. పేర్లు నమోదైనవారిలో పలువురు సక్రమంగా హాజరు కాకపోవడం గమనార్హం. కనుక రంగుపెట్టెల పంపిణీ లెక్కల కన్నా హాజరు లెక్కలే అధికారులకు ముఖ్యం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 20వ సెక్షన్ వైద్యశాలలలో విశ్రాంతి, వినోదం, విద్యలకు తగిన సదుపాయాలు పొందే హక్కును రోగులకు కల్పించినది. 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టపు షెడ్యూలులో ఆర్ట్ థెరపిస్టులకు స్థానం లభించినది.

పత్రికా విలేఖరులు గమనించవలసిన అంశం మరొకటి కలదు. 2017 చట్టం 24వ సెక్షన్ ప్రకారం, చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను గాని, ఇతర సమాచారాన్ని గాని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా మాధ్యమాలకు విడుదల చేయరాదు. రోగి గీసిన చిత్రాన్ని, అందునా పేరుతో సహా, ప్రచురించే ముందు ఇదే నియమాన్ని పాటించడం ఉచితం. ఏటా అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవ ప్రదర్శనలకు చిత్రాలను ఎంపిక చేసే నిర్వాహకులకూ ఈ జాగ్రత్త అవసరం.

మానసిక సమస్యలపై సలహాల కొరకు, 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవలను 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా పొందవచ్చును.