ఆరవవాడు



పుస్తకం మూసి బంతి పట్టిన పిల్లవాణ్ణి చూడగానే "ఆట కూడు పెడుతుందట్రా?" అని గద్దించిన ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్ళు అడిగిన ఆ ప్రశ్నకు సమాధానం నాకు పదవీ విరమణ తరువాత ఒక అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుని జీవితంలో కనిపించింది.

ఆయన పేరు జూనియర్ బ్రిడ్జ్‌మన్. 1953లో ఇండియానా రాష్ట్రంలోని ఈస్ట్ షికాగోలో జన్మించారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. 1971లో ఆయన ఆడిన ఉన్నత పాఠశాల జట్టు ఒక్క ఓటమియైనా లేకుండా రాష్ట్ర విజేతగా నిలిచింది. ఆపై లూయీవిల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకొన్నారు.

1975లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు ఆయనను ఎంచుకొన్నది. కాని ఆ జట్టు తరఫున ఒక్క ఆటయినా ఆడకమునుపే, మరి ముగ్గురితో కలిపి ఆయనను మిల్వాకీ బక్స్ జట్టుకు ఇచ్చివేసి, బదులుగా కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ను తెచ్చుకొన్నది. ఆ మార్పిడిలో లోకం చూసినది కరీమ్‌ను. బ్రిడ్జ్‌మన్ తూకం సరిపెట్టడానికి వేసిన నలుగురిలో ఒకరు.

మిల్వాకీలో ఆయన స్థానం చాలావరకు ఆరవవానిది. ఆట మొదట దిగేది ఐదుగురు. ఆరవవాడు బల్లమీద కూర్చొని ఆట పోకడను గమనించి, పిలుపు వచ్చినపుడు లేస్తాడు. ఆ జట్టుకు 711 ఆటలు ఆడారు. మొత్తం పన్నెండేళ్ళ వృత్తిలో ఆటకు సగటున 13.6 పాయింట్లు సాధించారు. జాతీయ విజేత పతకం మాత్రం దక్కలేదు. ఏడాదికి ఆయన అందుకొన్న అత్యధిక వేతనం 3,50,000 డాలర్లు. క్రీడాకారుల సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు.

1987లో ఆట విరమించారు. మరుసటి ఏడు మిల్వాకీలో ఐదు వెండీస్ ఫలహారశాలలు కొన్నారు. పేరున్న క్రీడాకారుడు గదా, పెట్టుబడి పెట్టి ఇంట కూర్చోలేదు. గల్లా వెనుక నిలబడి పని నేర్చుకొన్నారు. బల్లమీద కూర్చొని చూడడం తెలిసినవారికి దుకాణంలో నిలబడి చూడడం కష్టమా! ఐదు కాస్తా కాలక్రమాన 160కి పైగా వెండీస్, 120 వరకు చిలీస్ శాలలయ్యాయి. 2016లో వాటిని విక్రయించి కోకాకోలా సీసాల వ్యాపారంలోకి వెళ్ళారు. 2020లో దివాలా తీసిన ఎబొనీ, జెట్ పత్రికలను 1.4 కోట్ల డాలర్లకు కొన్నారు. నల్లజాతివారి ఇళ్ళలో తరాలుగా చదివిన పత్రికలవి. 2024లో, తాను జీతానికి ఆడిన ఆ బక్స్ జట్టులోనే పదవ వంతు వాటాదారు అయ్యారు. 2025 మార్చి 11న, 71వ ఏట కన్నుమూశారు.

ఫోర్బ్స్ పత్రిక ఆయన సంపదను 140 కోట్ల డాలర్లుగా లెక్కించింది. నాలోని పాత ఉపాధ్యాయుడు ఊరుకోక లెక్క కట్టాడు: ఆ అత్యధిక జీతంలో పైసా ఖర్చు చేయకుండా దాచినా, అంత కూడడానికి 4000 సంవత్సరాలు కావాలి!

మరి ఆనాటి మార్పిడిలో బరువైన తక్కెడ? కరీమ్ ఆరు విజేత పతకాలు గెలిచారు. అయినా 1986లో, తన ధనం పాడుచేశాడని తన ఆర్థిక వ్యవహారాలు చూసినవానిపై దావా వేయవలసి వచ్చింది. ఇందులో కరీమ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. డబ్బును పరులకు అప్పగించిన పండితులు మనలోనూ ఉన్నారు.

కాబట్టి ఆట కూడు పెడుతుందా? బ్రిడ్జ్‌మన్‌కు ఆట పెట్టినది విత్తనం మాత్రమే. మొదటి పెట్టుబడీ పేరూ ఆటవి. పంట, తరువాతి ముప్పై ఏళ్ళ సేద్యానిది. విత్తనమే లేకుంటే ఆ ఉక్కు కార్మికుని కుమారునికి ఐదు దుకాణాలు కొనే దారి ఎక్కడిది?

నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు, పరుగులో గాలి. చెవి మెలిపెట్టి కూర్చోబెట్టాను. "ఆడు నాయనా, ఆట అయిపోయాక ఏమి చేస్తావో కూడా ఆలోచించు" అని చెప్పవలసింది. ఆ రెండవ వాక్యం నాకు అప్పుడు తెలియదు.